రంగూన్ నదీ రేవు, దాని రవాణా మార్గాలు (1852–1942)

ఈ పాఠం మొదలుపెట్టే ముందు అట్లాసులో బర్మా (నేటి మయన్మార్) పటం తీసి పక్కన పెట్టుకోండి. పటం లేకుండా రేవు చరిత్ర చదవడం అంటే పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టడమే అవుతుంది. మనవాళ్ళు "రంగం" అని పిలిచిన ఊరు ఇదే. ఉత్తరాంధ్రలోనో, గోదావరి జిల్లాల్లోనో పుట్టినవారైతే "మా ముత్తాత రంగం వెళ్ళాడట" అనే మాట ఇంట్లో విని ఉంటారు. "రంగూన్ రౌడీ" పేరుతో నాటకం ఆడారు, 1979లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. కానీ ఆ ముత్తాత అక్కడికే ఎందుకు వెళ్ళాడు? ఆ రేవుకు అన్ని వేల మంది కూలీలు ఎందుకు అవసరమయ్యారు? అదే రేవు గుమ్మంలో 1930లో మనవాళ్ళ రక్తం ఎందుకు పారింది? ఈ పాఠంలో ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం.

పటంలో రంగూన్ ఎక్కడ ఉంది?

జవాబు పత్రాల్లో ఏటా కనిపించే పొరపాటు ఒకటుంది. "రంగూన్ ఐరావతి నది ఒడ్డున ఉన్నది" అని రాస్తారు. పటం చూడండి. ఐరావతి డెల్టాలోకి దిగి పాయలుగా చీలిపోతుంది, కానీ ఆ పాయలు రంగూన్‌కు పడమరగా సాగుతాయి. రంగూన్ ఉన్నది హ్లైంగ్, పెగూ నదులు కలిసే చోట. అక్కడి నుంచి సముద్రం దాకా ఉన్న ప్రవాహాన్నే రంగూన్ నది అంటారు. సముద్రం నుంచి ఊరికి ఇరవై మైళ్ళ పైచిలుకు దూరం. దేశానికి వెన్నెముక వంటి నది ఒకచోట, దేశపు ప్రధాన రేవు మరొకచోట ఉన్నాయన్నమాట. ఈ ఒక్క విషయం గుర్తుంటే తరువాత తవ్విన కాలువ, వేసిన రైలుమార్గం, పరిచిన నూనె గొట్టం ఎందుకు అవసరమయ్యాయో తేలిగ్గా అర్థమవుతుంది.

మరి రేవును ఐరావతి ముఖద్వారం దగ్గరే ఎందుకు కట్టలేదు? డెల్టా పాయల మొగల దగ్గర ఇసుకమేటలు ఎక్కువ, లోతు తక్కువ, ఊరు కట్టుకోవడానికి గట్టి నేల కరువు. రంగూన్ దగ్గర ష్వేడగోన్ పగోడా ఉన్న గుట్ట, దాని చుట్టూ మెరక నేల ఉన్నాయి. పైగా రంగూన్ నదిలో ఆటుపోట్లు చాలా బలమైనవి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకు, పాటుకు మధ్య నీటిమట్టంలో దాదాపు 18 అడుగుల తేడా వస్తుంది. తెరచాప ఓడల కాలంలో ఇది వరమే. పోటుతో ఓడ లోపలికి వచ్చేది, పాటుతో బయటికి వెళ్ళేది. స్టీమర్లు పెద్దవైన కొద్దీ ఇదే ఆటుపోటు తలనొప్పిగా మారింది. ఆ సంగతి తరువాత చూద్దాం.

దగోన్ అనే ఈ చిన్న ఊరిని 1755లో అలౌంగ్‌పయా రాజు జయించి యాంగోన్ అని పేరు పెట్టాడు. "కలహాలు ముగిసినవి" అని దాని అర్థం. చరిత్రలో పేర్లకు, జరిగిన వాటికి పొంతన ఉండాలనే నియమమేమీ లేదు.

బియ్యపు రేవు

1824–26 యుద్ధం తరువాత బ్రిటిష్‌వారికి దక్కినవి అరకాన్, తెనాసెరిం తీరాలు. ఆ రోజుల్లో వారి రేవులు అక్యాబ్, మౌల్‌మేన్. 1852లో జరిగిన రెండో యుద్ధంతో పెగూ ప్రాంతం, దానితోపాటు రంగూన్ వారి చేతికి వచ్చాయి. వెంటనే సూలే పగోడాను మధ్యలో ఉంచి చదరంగపు గళ్ళలా వీధులు గీసి కొత్త ఊరు కట్టారు. మాంట్‌గోమరీ, ఫ్రేజర్ అనే ఇద్దరు అధికారుల పథకం అది. ఇప్పటికీ ఆ వీధులు అలాగే తిన్నగా నది ఒడ్డుకు దిగుతాయి. ఊరంతా రేవు వైపు ముఖం పెట్టి కట్టారని పటం చూస్తేనే తెలుస్తుంది.

అప్పటికి దిగువ బర్మాలో వరి సాగు ఏడెనిమిది లక్షల ఎకరాలకు మించదు. డెల్టాలో అధిక భాగం అడవి, రెల్లు, బురద. 1930ల మధ్యనాటికి అది 87 లక్షల ఎకరాలు దాటింది. 1855లో బియ్యం ఎగుమతి 1,62,000 టన్నులు. 1905–06 నాటికి 20 లక్షల టన్నులు. ఆ తరువాత అది 30 లక్షల టన్నుల దాకా పోయింది. ఎగువ బర్మా నుంచి రైతులు కుటుంబాలతో దిగి వచ్చి అడవి కొట్టి పొలాలు చేశారు. వారికి అప్పులిచ్చినవారిలో తమిళ నాడు నాట్టుకోట్టై చెట్టియార్లు ముఖ్యులు.

చాలా పుస్తకాల్లో "1869లో సూయజ్ కాలువ తెరవడం వల్ల బర్మా బియ్యం వ్యాపారం పుట్టింది" అని ఉంటుంది. ఇది సగం నిజం. పైన ఇచ్చిన 1855 లెక్క చూడండి, సూయజ్‌కు ముందే ఎగుమతి ఉంది. సూయజ్ మార్చింది సరుకు రూపాన్ని. ఆఫ్రికా చుట్టూ తిరిగి ఐరోపా చేరడానికి నెలల తరబడి పట్టే రోజుల్లో తెల్ల బియ్యం ఓడ అడుగున వేడెక్కి చెడిపోయేది. అందుకని కొంత వడ్లు కలిపిన ముతక దంపుడు సరుకును పంపి, మిగతా పని ఐరోపా మిల్లుల్లో చేయించేవారు. దీనినే "కార్గో రైస్" అన్నారు. ప్రయాణం తగ్గాక పూర్తిగా పాలిష్ పట్టిన బియ్యాన్ని రంగూన్ నుంచే పంపడం వీలైంది. అంటే మిల్లు పని ఐరోపా నుంచి రంగూన్‌కు మారింది. కేవలం ఎగుమతి రేవుగా ఉన్నది పారిశ్రామిక రేవుగా మారడానికి అసలు కారణం ఇదే.

మిల్లులు ఎక్కడ వెలిశాయో గమనించండి. ఊరికి తూర్పున పజుందౌంగ్ వాగు ఒడ్డున, పడమర కెమ్మెండైన్ వైపు, నది అవతల డల్లా వైపు. రోడ్డు పక్కన కాదు, నీటి పక్కన. వడ్లు పడవల మీద వస్తాయి, బియ్యం పడవల మీదనే ఓడకు చేరుతుంది. మిల్లుకు బొగ్గు కూడా అక్కరలేదు, ఊకే ఇంధనం. ధాన్యం నుంచి వచ్చిన ఊకను బాయిలర్లో వేసి, ఆ ఆవిరితోనే మిల్లు తిప్పేవారు. ఇంకా మిగిలిపోయిన ఊకను వాగులో పారబోసేవారు. మన కోస్తా జిల్లాల్లో రైస్‌మిల్లు పక్కన పెరిగినవారికి ఆ నల్లని బూడిద, ఆ వాసన వేరే చెప్పనక్కరలేదు.

మిల్లులు పెద్దవైన కొద్దీ యాజమాన్యం కొద్దిమంది చేతుల్లోకి పోయింది. స్టీల్ బ్రదర్స్ వంటి నాలుగు పెద్ద ఐరోపా కంపెనీలు 1921లో "బుల్లింగర్ పూల్" పేరుతో కూటమి కట్టి వడ్లు కొనే ధరను అదుపు చేశాయి. బర్మా రైతు 46 పౌన్ల బుట్టతో వడ్లు కొలిచి, వంద బుట్టల లెక్కన అమ్మేవాడు. ఆ వంద బుట్టల ధరను నిర్ణయించేది మాత్రం రేవు ఒడ్డున కూర్చున్న కంపెనీ గుమస్తా.

ఫ్లోటిల్లా, కాలువ, రైలు, గొట్టం

ఇప్పుడు రేవును లోతట్టుతో కలిపిన మార్గాల సంగతి. మౌల్‌మేన్ వెనకబడి రంగూన్ ముందుకు రావడానికి కారణం రేవు గొప్పదనం కాదు, దాని వెనుక ఉన్న దారి. మౌల్‌మేన్ దగ్గర కలిసే సాల్వీన్ నదిలో కొంత దూరం పోయేసరికి రాళ్ళు, జలపాతాలు. ఐరావతి అలా కాదు. భామో దాకా దాదాపు 900 మైళ్ళు స్టీమరు పోగలదు.

ఆ నది మీద ఏకఛత్రాధిపత్యం ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీది. 1865లో గ్లాస్గో వ్యాపారులు స్థాపించిన ఈ కంపెనీకి స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో డెన్నీ కంపెనీ స్టీమర్లు తయారుచేసేది. కొన్నింటిని విడిభాగాలుగా తెచ్చి డల్లాలోని సొంత డాక్‌యార్డులో బిగించేవారు. పక్కల వాటంగా ఉండి, లోతు తక్కువ నీటిలో తేలే స్టీమరు మధ్యలో, దానికి రెండు వైపులా సరుకు నింపిన "ఫ్లాట్లు" కట్టి నడిపేవారు. 1920ల నాటికి చిన్నా పెద్దా కలిపి ఈ కంపెనీకి 600కు పైగా నావలు ఉండేవి. ఏటా సుమారు 90 లక్షల మంది ప్రయాణికులు వాటిలో ఎక్కి దిగేవారు. ప్రపంచంలో ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉన్న నదీ నౌకల సముదాయాల్లో ఇంతకంటే పెద్దది లేదని అంటారు.

అయితే రంగూన్ ఐరావతి మీద లేదు కదా. మధ్యలో ట్వాంటే కాలువ తవ్వారు. 1880ల మొదట్లో చిన్నదిగా మొదలై, ఇరవయ్యో శతాబ్దంలో పలుసార్లు వెడల్పు చేయబడి, సుమారు 22 మైళ్ళ దారి అయింది. దీనివల్ల డెల్టా వాగుల్లో చుట్టూ తిరిగే బాధ తప్పింది.

రైలు కూడా ఆ లోటు పూడ్చడానికే వచ్చింది. 1877 మే 1న రంగూన్ నుంచి ఐరావతి ఒడ్డున ఉన్న ప్రోమ్ దాకా, సుమారు 160 మైళ్ళ మీటరు గేజి మార్గం తెరిచారు. దీన్ని నదికి పోటీగా వేశారని అనుకోకండి. ప్రయాణికులు, తపాలా రైల్లో ప్రోమ్ చేరి, అక్కడ స్టీమరెక్కి పైకి పోయేవారు. డెల్టా వంకరలు దాటించే అడ్డదారి అది. తరువాతి మార్గం వేరే రకం. సిట్టాంగ్ లోయ వెంట 1884లో టౌంగూ, 1885లో మూడో యుద్ధంతో ఎగువ బర్మా ఆక్రమణ అయ్యాక 1889లో మాండలే. ఇది నదికి దూరంగా పోయే మార్గం కాబట్టి నది చేరలేని పొలాల ధాన్యాన్ని కూడా రంగూన్‌కు లాక్కొచ్చింది. ఐరావతి మీద రైలు వంతెన (ఆవా వంతెన) మాత్రం 1934 దాకా రాలేదు. అంతవరకు వ్యాగన్లను బల్లకట్టు మీద ఎక్కించి నది దాటించారు. ఫ్లోటిల్లా పలుకుబడి ఉన్నచోట వంతెన ఆలస్యం కావడంలో ఆశ్చర్యం లేదని నా అభిప్రాయం.

ఇక కిరోసిన్. ఎగువన యెనాంజౌంగ్ దగ్గర చమురు బావులు ఉన్నాయి. మొదట ఆ ముడి చమురు నది మీదుగానే వచ్చేది. 1909 నాటికి బర్మా ఆయిల్ కంపెనీ అక్కడి నుంచి రంగూన్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న సిరియం శుద్ధి కర్మాగారం దాకా సుమారు 275 మైళ్ళ గొట్టం పరిచింది. మన ఊళ్ళలో లాంతరు వెలిగించిన కిరోసిన్‌లో చాలా భాగం ఈ సిరియం నుంచి ఓడల్లో వచ్చినదే. టేకు మాత్రం చివరిదాకా నది మీదనే నడిచింది. దుంగలను తెప్పలుగా కట్టి నెలల తరబడి నీటిలో దింపుకొచ్చేవారు. రంగూన్ రంపపు మిల్లుల్లో వాటిని ఏనుగులు పేర్చేవి.

నదిని అదుపులో పెట్టడం

రేవు నిర్వహణకు 1880లో పోర్టు కమిషనర్ల సంఘం ఏర్పడింది. వారికి రెండు సమస్యలు. మొదటిది, పెగూ నది, పజుందౌంగ్ వాగు వచ్చి కలిసే మంకీ పాయింట్ దగ్గరి హేస్టింగ్స్ మేట. నిండు ఓడ దాన్ని దాటాలంటే పోటు కోసం గంటలు కాచుకోవాలి. రెండోది మరింత ప్రమాదకరమైనది. నది ఎగువన పడమటి ఒడ్డును కోసుకుంటూ పోయి, లోతైన పాయ క్రమంగా ఊరి ఒడ్డుకు దూరంగా జరగసాగింది. అలాగే వదిలేస్తే కోట్ల రూపాయల జెట్టీల ముందు బురద మిగులుతుంది.

ప్రధాన ఇంజనీరు జార్జ్ బుకానన్ 1910–14 మధ్య పడమటి వైపు దాదాపు రెండు మైళ్ళ పొడవున నీటిలో రాతి కట్ట వేయించి ప్రవాహాన్ని మళ్ళీ ఊరి వైపు మళ్ళించాడు. నది మాట విన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇతన్నే మెసపటేమియాలోని బస్రా రేవును సరిదిద్దమని పంపారు. గోదావరికి కాటన్ ఆనకట్ట కట్టి నీటిని పొలానికి మళ్ళించాడు, ఇక్కడ బుకానన్ నీటిని జెట్టీకి మళ్ళించాడు. గోదావరి కాలువలు మన డెల్టా రైతును ఊళ్ళో నిలబెట్టాయి. కాలువ నీరు అందని గంజాం, విశాఖ జిల్లాల మెట్ట రైతుకు రంగం ఓడ దిక్కయింది. ఈ పోలిక మీద ఆలోచించండి.

కోరంగి నుంచి రంగం

రంగూన్ రేవుకు ఉన్న అతి ముఖ్యమైన రవాణా మార్గం బర్మా పటంలో కనబడదు. అది బంగాళాఖాతం మీదుగా మన తీరానికి వచ్చే స్టీమరు మార్గం.

గోదావరి మొగ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుపాను దాన్ని నేలమట్టం చేసింది, పూడిక మిగతా పని పూర్తిచేసింది. వ్యాపారం కాకినాడకు తరలింది. కానీ పేరు మాత్రం సముద్రం దాటి నిలిచింది. బర్మాలో తెలుగువారందరినీ, విజయనగరం నుంచి వచ్చినా, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినా, "కోరంగీలు" అన్నారు. ఆ మాటలో గౌరవం ఉండేది కాదు.

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ వంటి రేవుల దగ్గర ఆగి మనుషులను ఎక్కించుకునేవి. ఆ రోజుల్లో వీటిలో ఏ ఒక్కచోటా ఓడ ఒడ్డుకు ఆనదు. అలల మీద పడవల్లో పోయి, దూరాన లంగరు వేసిన ఓడ నిచ్చెన ఎక్కాలి. విశాఖలో లోపలి రేవు 1933లో గాని తెరవలేదు. ఇల్లు వదిలినవాడికి మొదటి భయం రంగం గురించి కాదు, ఆ నిచ్చెన గురించి.

ఎందుకు వెళ్ళారు? బర్మా రైతుకు డెల్టాలో కొత్త భూమి దొరుకుతున్నంత కాలం మిల్లులో బస్తా మోయవలసిన అగత్యం లేదు. మిల్లులకు, జెట్టీలకు మనుషులు కావాలి. 1880ల్లో కొంతకాలం ప్రభుత్వమే ఓడ కంపెనీకి రాయితీ ఇచ్చి కూలీలను రప్పించింది. ఇటువైపు కరువులు, జమీందారీ శిస్తులు, కూలిరేట్లలో ఉన్న తేడా. నెలల లెక్క కూడా కుదిరింది. డెల్టా వరి డిసెంబరు, జనవరుల్లో కోతకు వస్తుంది, జనవరి నుంచి మే దాకా మిల్లులు పగలూ రాత్రీ ఆడతాయి. మన తీరం నుంచి అక్టోబరు మొదలు ఓడలు నిండేవి, ఎండాకాలంలో తిరుగు ఓడలు నిండేవి. 1927లో ఒక్క సంవత్సరంలో సముద్రం మీద రంగూన్‌లో దిగినవారు నాలుగు లక్షల పైమాటే. దాదాపు మూడున్నర లక్షల మంది అదే ఏడాది తిరిగి వెళ్ళారు. వచ్చినవారి సంఖ్య ఒక్కటే చూసి "వలసపోయి స్థిరపడ్డారు" అని రాస్తే తప్పవుతుంది. ఎక్కువమందికి అది ఓడ మీద సాగిన సుగ్గి.

కూలీని ఓడ ఎక్కించినవాడు మేస్త్రీ. ఊళ్ళో అప్పు తీర్చడానికి, ఇంట్లో గింజలకు, ఓడ టిక్కెట్టుకు ముందుగా డబ్బు ఇస్తాడు. రంగూన్‌లో మిల్లు కంపెనీ గాని, ఓడ సరుకు దించే స్టీవిడోరు గాని కూలీకి నేరుగా జీతం ఇవ్వదు, పెద్ద మేస్త్రీకి మొత్తంగా గుత్త ఇస్తుంది. అతని కింద చిన్న మేస్త్రీ, అతని కింద ముఠా మేస్త్రీ. పైనుంచి దిగే డబ్బులో ప్రతి మెట్టు మీదా కొంత తరుగుతుంది. చివరకు కూలీ చేతికి వచ్చినదాంట్లో బయానా అప్పు మినహాయింపు. బస కూడా మేస్త్రీ చూపిన బారకాసులోనే. పగటి ముఠా లేచిన చోట రాత్రి ముఠా పడుకునేంత ఇరుకు. కలరా, క్షయ అక్కడ ఇంటి చుట్టాలు. మేస్త్రీ తెలుగువాడే, చాలాసార్లు పక్క ఊరివాడే. పాలకులు పరాయివారు కాబట్టి దోపిడీ అంతా పరాయిదే అనుకునే అలవాటు మనకుంది, అది ఇక్కడ పనికిరాదు.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనాభా 4,00,415. అందులో భారతీయులు 2,12,929, అంటే సగానికి పైగా. బర్మా రాజధానిలో బర్మీయులు అల్పసంఖ్యాకులు. బర్మాలో ఉద్యోగం చేసిన ఫర్నివాల్ అనే పండితుడు ఇటువంటి సమాజానికి "బహుళ సమాజం" అని పేరు పెట్టాడు. జాతులు సంతలో కలుస్తాయి, మరెక్కడా కలవవు అన్నది ఆయన వాదం. మంచి మాటే. కానీ రంగూన్ జెట్టీ మీద వారు సంతలో కూడా కలవలేదు. పనిలోకి తీసుకునే గుమ్మం ఒక్కటే, దాని తాళంచెవి మేస్త్రీ దగ్గర ఉంది.

1930 మే

1920లు ముగిసేసరికి రెండు మార్పులు వచ్చాయి. డెల్టాలో కొత్తగా కొట్టడానికి అడవి మిగల్లేదు. ప్రపంచ మాంద్యంతో వడ్ల ధర సగానికి కిందికి జారడం మొదలైంది. అప్పు తీర్చలేని రైతు భూమి చెట్టియారు పేరుకు మారసాగింది. 1930లో ప్రధాన వరి జిల్లాల సాగుభూమిలో చెట్టియార్ల వాటా 6 శాతం, 1937 నాటికి 25 శాతం. భూమి పోయిన బర్మీయుడు కూలి వెతుక్కుంటూ రంగూన్ చేరాడు.

మే నెల మొదట్లో తెలుగు స్టీవిడోరు కూలీలు రోజు కూలి మీద కొద్ది అణాల పెంపు అడిగి పని ఆపారు. అదే రోజుల్లో గాంధీజీ అరెస్టయ్యారు, మే 5న పెగూ, రంగూన్‌లను పెద్ద భూకంపం కుదిపింది. ఊరంతా ఉద్రిక్తంగా ఉంది. ఓడలు ఆగకూడదు కాబట్టి స్టీవిడోరు సంస్థలు బర్మీయ కూలీలను పెట్టుకున్నాయి. జెట్టీ గుమ్మం వారికి తెరుచుకోవడం దాదాపు అదే మొదలు. కొన్నాళ్ళకు పాత కూలీలతో రాజీ కుదిరింది. మే 26 ఉదయం బర్మీయ ముఠాలు మామూలుగా పనికి వచ్చేసరికి వారి చోట తెలుగువారు ఉన్నారు. "మీరు ఇక అక్కరలేదు" అని ముందురోజు చెప్పినవారు లేరు. కూలీల భార్యలు అన్నం తెచ్చారనీ, వారిని చూసి ఎవరో నవ్వారనీ, అక్కడ చెయ్యి లేచిందనీ, అప్పుడు రంగూన్‌లో జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ తన జ్ఞాపకాల్లో చెప్పాడు. జెట్టీ మీది కొట్లాట గంటల్లో వీధుల్లోకి పాకింది. బారకాసుల్లో, రిక్షాల దగ్గర, వీధుల్లో తెలుగువారిని వెతికి నరికారు. అధికారిక లెక్క ప్రకారమే వందకు పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులు.

దీన్ని "మతకల్లోలం" అని రాసే పుస్తకాలున్నాయి. మతానికి ఇందులో పాత్ర లేదు. "జాతి వైరం" అన్నా మధ్యలో ఆగిన జవాబే. అణాల పెంపు మీద మొదలైన తగాదాలో ఒక ముఠాను పెట్టి, ఒక్కమాటతో తీసేసి, రెండు పేదవర్గాలను ఒకే గుమ్మం ముందు నిలబెట్టిన నియామక పద్ధతిని ముందు చూడాలి. కల్లోలం తరువాత రేవు పనిలో బర్మీయులకు వాటా కల్పించే ఏర్పాటు చేశారు. అది ముందే చేసి ఉండవచ్చునన్నది నా అభిప్రాయం. అదే ఏడాది డిసెంబరులో డెల్టాకు ఎగువన తారావడ్డీలో సాయా సాన్ నాయకత్వాన రైతు తిరుగుబాటు మొదలైంది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి వేరయింది, 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి.

బాంబులు పడిన రోజు

రేవు ఎవరి భుజాల మీద నడిచిందో 1941 డిసెంబరులో తేలిపోయింది. అప్పటికి రంగూన్‌కు కొత్త ప్రాముఖ్యం వచ్చింది. జపాన్ చైనా తీర రేవులన్నీ మూసేయడంతో ఆయుధాలు రంగూన్‌లో దిగి, రైల్లో లాషియో చేరి, అక్కడి నుంచి 1938లో పూర్తయిన బర్మా రోడ్డు మీద కున్మింగ్‌కు పోయేవి. అమెరికా పంపిన లారీలు, సామగ్రి జెట్టీల మీద గుట్టలుగా పడి ఉన్నాయి.

డిసెంబరు 23న జపాను విమానాలు పట్టపగలు బాంబులు వేశాయి, 25న మళ్ళీ వచ్చాయి. విమానాలు చూడటానికి వీధిలో నిలబడినవారు వేలల్లో చనిపోయారు. జెట్టీలకు జరిగిన నష్టం పెద్దది కాదు. కానీ కూలీలు ఊరు విడిచారు. క్రేన్లు ఉన్నాయి, ఓడలు ఉన్నాయి, రైలు ఉంది. బస్తా ఎత్తే చెయ్యి లేదు. యుద్ధ సామగ్రి నింపుకొచ్చిన ఓడలు నదిలో లంగరు వేసి ఎదురుచూశాయి. 1942 మార్చి 7న బ్రిటిష్‌వారు సిరియం చమురు ట్యాంకులకు, రేవుకు తామే నిప్పు పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు జపాను సైన్యం ఊళ్ళోకి వచ్చింది. ఎగువకు తరలించిన ఫ్లోటిల్లా స్టీమర్లను ఏప్రిల్ చివర మాండలే దగ్గర కంపెనీవారే ముంచేశారు. ఆవా వంతెన రెండు కమానులు కూల్చారు.

ఓడలో చోటు దొరికినవారు దొరికారు. మిగిలిన లక్షలాదిమంది అరకాన్ కనుమల మీదుగా చిట్టగాంగ్ వైపు, ఉత్తరాన మణిపూర్, అస్సాం అడవుల మీదుగా కాలినడకన భారతదేశం చేరారు. వేలాదిమంది దారిలోనే కలరాతో, ఆకలితో పోయారు. యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్ళారు గాని పాత సుగ్గి మళ్ళీ మొదలు కాలేదు. 1960ల్లో సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత జనం తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేరు, మరికొన్ని పట్టణాల్లో బర్మా కాలనీలు అలా వచ్చినవే.

ఈ పాఠానికి సంబంధించి మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ కుటుంబంలోగాని, ఊళ్ళోగాని రంగం వెళ్ళినవారి గురించి తెలిసిన పెద్దలు ఉంటే వారిని అడిగి రెండు పేజీలు రాయండి. ఏ రేవులో ఓడ ఎక్కారు, మేస్త్రీది ఏ ఊరు, బయానా ఎంత, ఇంటికి డబ్బు ఎవరి చేత పంపేవారు, చివరిసారి ఎలా తిరిగి వచ్చారు అన్నవి అడగండి. సంవత్సరం గుర్తులేకపోయినా ఫరవాలేదు. ఏ నెలలో వెళ్ళేవారో మాత్రం తప్పకుండా అడిగి రాయండి. ఆ నెలను బట్టి వెళ్ళినవాడు మిల్లు కూలీయో, జెట్టీ కూలీయో, ఏడాది పొడవునా ఉండిపోయిన రిక్షావాడో కొంతవరకు పోల్చవచ్చు.